యాడి పాటకు మేము పెట్టిన అక్షరాలు

పోయిన వారం చౌటుప్పల్లో మా ఆడపడుచు ఇంటికి వెళ్దామని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి, మెట్లు దిగే ఓపిక లేక నా ఈడు వాళ్లందరితో పాటు లిఫ్టు దగ్గర వరసలో నిలబడి, ఎట్టకేలకు కిందికొచ్చి, విజయవాడ విజయవాడ అని చెవిలో అరిచే బస్సుల వాళ్లను తప్పించుకుంటూ నడుస్తుంటే, సరిగ్గా చౌరస్తా మొగలో, స్తంభానికి కట్టిన నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఆయన కనిపించాడు. చుట్టూ గుండ్రటి బొమ్మల్లో నమస్కారాలు పెడుతున్న పాతిక ముఖాలు, మధ్యలో శాలువా కప్పుకుని చిరునవ్వు నవ్వుతూ ఆయన, కింద మూరెడేసి అక్షరాలతో ‘లిపి పితామహుని శతజయంతి’ అని. లంబాడీ భాషకు అక్షరభిక్ష పెట్టిన మహనీయుడట. విగ్రహం కూడా నిలబెడతారట. నలుగురిలో బావుండదని ఊరుకున్నాను గాని, ఆ స్తంభం మొదట్లో కాండ్రించి ఉమ్మేయాలని నిజంగానే అనిపించింది. చౌటుప్పల్ బస్సు రెండు వెళ్లిపోయినా నేను అక్కడే నిలబడి ఆయన మొహం చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ భిక్ష పెట్టిన రోజుల్లో గిన్నె పట్టుకుని పక్కన నిలబడినదాన్ని నేనే.

నా ఈడు వాళ్లకు దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇవాళ్టి చీరల షాపుల వరస కాదు. డిపో వెనక సందుల్లో మధ్యాహ్నం పూట నడిస్తే టకటకమని అచ్చు కొట్టే ట్రెడిల్ మిషన్ల చప్పుడు, సిరా వాసన, కిరసనాయిలు వాసన, గాలి ఇటు తిరిగితే కొత్తపేట పండ్ల మార్కెట్టు నుంచి కుళ్లిన బత్తాయిల వాసన. ఆ సందుల్లో ఒకదాంట్లో మా బాబాయి ప్రెస్సు ఉండేది. తెనాలిలో బీఏ చదివి, తెలుగు పంతులమ్మ ఉద్యోగం వస్తుందని ఆశపడి బాబాయి ఇంట్లో దిగి, ఆ ఉద్యోగం రాక, ఊరికే కూర్చుని తినడం నామోషీగా ఉండి, ఆయన దగ్గరే ప్రూఫులు దిద్దడానికి కుదిరాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చైతన్యపురిలో అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న కోచింగ్ సెంటర్ల నోట్సులు, ఇవే మా పని. ప్రూఫు దిద్దడమంటే ఒక్కరు చేసే పని కాదని ఇప్పటి పిల్లలకు తెలియదు. ఒకరు కాపీ, అంటే చేతిరాత ప్రతి, పట్టుకుని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టి చూస్తూ పోవాలి. చెవికీ కంటికీ పొత్తు కుదిరితేనే తప్పు దొరుకుతుంది. ఆ పొత్తు మీద నాకు ఎంత నమ్మకమో చెప్పలేను.

అలాంటి రోజుల్లో ఒక సంస్థ వాళ్లు లంబాడీ భాషకు రాత ఏర్పాటు చేసి, పిల్లలకు ఒక వాచకం, దాంతో పాటు ఒక పాటల పుస్తకం వేయాలని తలపెట్టి ఆ పని మా ప్రెస్సుకు ఇచ్చారు. తండాల్లో లక్షణంగా మాట్లాడుకునే భాష, పాటలున్న భాష, పొడుపుకథలున్న భాష, రాసుకోవడానికి మాత్రం అప్పటికి తనకంటూ ఒక పద్ధతి కుదురుకోలేదు. ఫ్లెక్సీ మీది పెద్దాయన ఆ కమిటీకి అధ్యక్షుడు. రిటైరైన పండితుడు, మా వైపు మనిషే, చెప్పులు విప్పితే అవి కూడా సమంగా, పక్కపక్కనే ఉండాలనే రకం. ప్రెస్సు మీది గదిలో కమిటీ కూర్చునేది. నాగరి లిపా, తెలుగు లిపా అని మూడు నెలలు, పుస్తకం పేరు ఏమిటని ఒక నెల, ముందుమాట ఎవరు రాయాలని రెండు నెలలు. టీలు మోసింది మేమే కాబట్టి ఆ లెక్క నాకు బాగా గుర్తు. అన్ని నెలల్లో ఆ గదిలో ఒక్క లంబాడీ మాట వినబడలేదంటే మీరు నమ్మాలి. ఆర్యభాషా కుటుంబం, అపభ్రంశం, శుద్ధ రూపం, ఇవే మాటలు. రోగిని బయట కూర్చోబెట్టి లోపల వైద్యులు తగువులాడుకున్నట్టుండేది. తుదకు తెలుగు అక్షరాల్లోనే అని తేలింది, మా దగ్గర నాగరి టైపు లేదు కాబట్టి.

యాడి మా ప్రెస్సుకు నీళ్ల కోసం వచ్చేది. పక్క స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేస్తుంటే అక్కడ ఇటుకలు మోసేది. అద్దాల రవికె, మోచేతుల దాకా తెల్ల గాజులు, అరవై దాటిన మనిషి. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. ఆదివారాలు ఆమెను చూడటానికి వచ్చే మనవరాలు అలా పిలిస్తే, మేమూ అలాగే పిలవడం మొదలుపెట్టాం. ఆ పిల్లకు తల్లి లేదు. అయిదో తరగతి నుంచి హాస్టళ్లలోనే పెరిగి, అప్పుడు చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. తెలుగు గలగలా మాట్లాడేది. అవ్వ తన భాషలో అడిగితే పిల్ల తెలుగులో జవాబు చెప్పేది, అవ్వ మొహం చిన్నబోయేది.

మా ప్రెస్సులో అక్షరాలు పెడుతున్నది తన భాషకేనని తెలిసిన రోజు యాడి కుండ దగ్గర చెంబు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి తన గోడు చెప్పుకుంది. వాళ్లలో పెళ్లైన పిల్ల అత్తారింటికి కదిలేముందు ఒక్కొక్క బంధువునీ మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, పాట కట్టి ఏడవాలి. తల్లికొక పాట, అన్నకొక పాట, పశువులకొక పాట, ఆఖరికి గడపకు కూడా. పెళ్లికి ముందు నెలల తరబడి తల్లో అమ్మమ్మో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. అలా ఏడవకుండా కదిలిన పిల్ల పుట్టింటికి చెప్పి వెళ్లనట్టే. మనవరాలికి వచ్చే ఎండాకాలం పెళ్లి. నేర్పడానికి తనొక్కతే ఉంది, పిల్లేమో హాస్టల్లో ఉంది, తనకేమో ఇన్నేళ్ల ఇటుకల దుమ్ముతో ఊపిరితిత్తులు చెడ్డాయని దవాఖానలో చెప్పారు.

“నేను జల్దినే పోతా బిడ్డా,” అంది. “పిల్ల ఎట్ల ఏడుస్తది? దానికి రాదు. మీరు కాయిదం మీద పెట్టుండ్రి, సదువుకోని ఏడుస్తది.”

కమిటీకి చెప్తే సంతోషంగా టేపు రికార్డరు తెప్పించి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టి, పాడవమ్మా అన్నారు. యాడి నోరు తెరిచింది, మూసింది. కొంగు సర్దుకుంది. పది నిమిషాలు కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. ఈమెకు ఏమీ తెలియదు, ఎవరినైనా తెలిసినదాన్ని పిలవండి అని అధ్యక్షుల వారు గడియారం చూసుకున్నారు. పాట రావాలంటే ఆమె చేతుల్లో ఒక మనిషి ఉండాలని, కుర్చీని చూసి ఎవరూ ఏడవలేరని, ఆ గదిలో ఉన్న ఆరుగురు చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆమే కిందికి వచ్చి, నా బల్ల పక్కన నిలబడి, సిగ్గుపడుతూ నన్ను లేవమని, రెండు చేతులూ నా మెడకు చుట్టి, నా భుజం మీద మొహం పెట్టింది. అంతే. కట్ట తెగినట్టు వచ్చింది పాట.

ఇక రాసుకోవడం ఎలా? ఆమె వదిలితే పాట ఆగిపోతుంది. వదలకపోతే నాకు చెయ్యి ఆడదు. మూడో రోజుకు ఉపాయం కుదిరింది. అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాన్ని ఆమె వీపుకు ఆనించి, ఆమె నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, నేను ఆమె భుజం మీదుగా వంగి పెన్సిలుతో గీకేదాన్ని. బాబాయి చూసి నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయేవాడు. అలా రెండు నెలల పాటు మధ్యాహ్నం భోజనాల వేళ, ఆమె ఇటుకల దుమ్ము నా చీరకు, నా చేతులకున్న అచ్చు సిరా ఆమె రవికెకు అంటుతూ, పదకొండు పాటలు రాశాను. మన అక్షరాలకు చిక్కని ముక్కుపలుకులు వాళ్ల మాటల్లో బోలెడు. దానికి బాబాయి మరుగున పడిపోయిన అరసున్నలను గుర్తుచేశాడు. తెలుగులో వాటిని ఎవరూ అడగక టైపు కేసు మూలలో దుమ్ము పట్టి ఉన్నాయి. అవి ఇన్నాళ్లకు పనికొచ్చాయని ఆయన సంబరపడ్డాడు. వరసకూ వరసకూ మధ్య ఆమె తీసే దీర్ఘమైన మూలుగును కూడా, అది ఎన్ని సాగదీతలైతే అన్ని అక్షరాలుగా రాశాను. ఆ మూలుగు మీదే తర్వాతి వరస ఊగి లేచేది.

రాసింది సరిపోయిందో లేదో తేల్చడానికి నాకు తెలిసింది ప్రూఫు పద్ధతి ఒక్కటే. నేను చదివేదాన్ని, చదువురాని యాడి కళ్లు మూసుకుని వినేది. తప్పు వస్తే నేల మీద అరచేత్తో కొట్టేది. అరసున్న చోటు మారితే కూడా పట్టుకునేది. ఆ తర్వాత ఎన్నో ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి పని చేశాను, అంత చెవి ఉన్న మనిషిని మళ్లీ చూడలేదు. ఒక ఆదివారం మనవరాలిని పిలిచి, ఏమీ చెప్పకుండా కాగితం చేతికిచ్చి చదవమన్నాను. ఆ పిల్ల కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, రెండో వరసకు అందుకుని, మూలుగు దగ్గర గొంతు దానంతట అదే సాగి, అవ్వ మెడ చుట్టూ చేతులేసింది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా జీవితంలో నేను చేసిన పని ఒకటి పూర్తిగా సరిగ్గా కుదిరింది అనుకున్న రోజు అదొక్కటే.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల కాగితాలు ఇవ్వమని అడిగింది. అప్పుడు నేనన్న మాట తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. పెన్సిలు రాత చెరిగిపోతుందమ్మా, అచ్చులో వస్తుంది కదా, అచ్చైతే పదికాలాలుంటుంది అన్నాను. అచ్చు మీద అంత భక్తి నాకు.

కాగితాలు కమిటీకి వెళ్లాయి. మూడు వారాలకు తిరిగి వచ్చాయి, ఎర్ర సిరాతో. అధ్యక్షుల వారు స్వయంగా కూర్చుని బాగు చేశారు. అరసున్నలన్నీ పాతచింతకాయ పచ్చడి అని తీసేశారు. ఆర్యభాష కదా, మూలం తెలియాలని మాటలకు సంస్కృతం తొడిగారు. ‘యాడీ’ అని ఉన్న చోటల్లా ‘మాతా’ అని రాశారు. పదకొండు పాటల్లో యాడీ అన్న పిలుపు ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. మూలుగులైతే పేజీకి అడ్డంగా గీత గీసి కొట్టేశారు. నేను ధైర్యం చేసి పైకి వెళ్లి, అవి లేకపోతే పాట రాదండీ అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఏడుపులు అచ్చులో ఎందుకమ్మా? ఇది పుస్తకం. రేపు పెద్దలు చూస్తారు,” అన్నారు. అని ఊరుకోక, నా శ్రమను ముందుమాటలో ప్రస్తావిస్తున్నామని, వచ్చే పుస్తకానికి నన్ను కమిటీలోకి తీసుకునే ఆలోచన కూడా ఉందని చెప్పారు.

నేను మెట్లు దిగి కిందికి వచ్చాను. దిగుతూ నా పేరు అచ్చులో ఎలా ఉంటుందా అని ఆలోచించాను. దాచడమెందుకు, అదే ఆలోచించాను. బాబాయిని అడిగితే, “కాపీలో ఏముంటే అదే అమ్మాయ్, ప్రెస్సు వాడు కాపీకి కట్టుబడాలి అంతే,” అన్నాడు. ఆయనకు అది వృత్తిధర్మం. నాకు మాత్రం అది మంచి సాకుగా పనికొచ్చింది. ఎర్ర సిరా ప్రకారం నాలుగుసార్లు ప్రూఫు చదివాను. ఈసారి వినడానికి యాడిని పిలవలేదు. ఎక్కడైనా పొరపాటున ‘యాడీ’ మిగిలిపోతే నా చేత్తోనే దాన్ని ‘మాతా’ చేశాను. ఒక్క అచ్చుతప్పు లేకుండా వచ్చిందా పుస్తకం. అచ్చు పూర్తయ్యాక చేతిరాత కాపీలను తీగకు గుచ్చి, నెల తిరిగాక చిత్తు కాగితాల వాడికి వేయడం మా ప్రెస్సు ఆనవాయితీ. ఆ నెల కట్ట కట్టింది కూడా నేనే. పెన్సిలు రాతను పక్కకు తీయాలన్న బుద్ధి పుట్టలేదు. నాలుగు వైపులా సుతిలి తాడు బిగించి గుమ్మంలో పెట్టాను.

ఆవిష్కరణ సభ సరూర్‌నగర్‌లో ఒక హాల్లో పెట్టారు. దండలు, శాలువాలు, ఒకరి పొగడ్త ఒకరు అందుకుని ఇంకొకరికి అంటించడం. ఆ రోజు నేనూ పట్టుచీర కట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాను. యాడి ఉతికిన ఓణీ తల మీద కప్పుకుని నా పక్కన కూర్చుంది. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే నోట్లో కొంగు కుక్కుకుని ఆపుకుంటోంది. కార్యక్రమంలో మనవరాలి చేత ఒక పాట చదివించాలని అధ్యక్షుల వారికి ముచ్చట పుట్టింది. పెళ్లికూతురి ఏడుపు పాటను సభలో స్వాగత గీతంగా చదివించారు. పిల్ల మైకు ముందు నిలబడి, పుస్తకం పట్టుకుని, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చదివింది. అక్షరం ఎక్కడా తడబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. యాడి కూడా కొట్టింది.

కొట్టి, నా వైపు వంగి మెల్లగా, “మంచిగనే ఉన్నది బిడ్డా. ఎవలదిది?” అంది.

నేను వేదిక వైపే చూస్తూ కూర్చున్నాను.

“మరి మాది ఎప్పుడు సదువుతరు?”

చివర్లో అనుకుంటా అన్నాను. అవును, అలాగే అన్నాను. సభ అయిపోయి, బిస్కెట్లు పంచి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నా ఆమె లేవలేదు, ఇంకా తన పాట చదవలేదు కదా అని. మనవరాలు వచ్చి రెక్క పట్టుకుని లేపింది. ఆ పిల్లకు అర్థమైంది. నా కళ్లలోకి ఒక్కసారి చూసి తీసుకెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

తర్వాత యాడి పనిలోకి రాలేదు. దేవరకొండ వైపు తండాకు తీసుకెళ్లారని, మంచం పట్టిందని కూలీలు చెప్పారు. నేను తండాకు వెళ్లి ఆ పాటలు మళ్లీ రాసుకోవచ్చు. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్తే సభలో చదివిన ఆ పాట నీదే అని ఆమెకు చెప్పాల్సి వస్తుంది. అందుకని వెళ్లలేదు. ఈ పని, ఆ పని అని నాకు నేను చెప్పుకున్నవన్నీ ఒట్టి మాటలు. పెళ్లికి రెండు నెలల ముందు ఆమె పోయింది. పెళ్లికి మాత్రం పిలుపు వస్తే వెళ్లాను. కదిలే వేళకు ఆ పిల్ల మేనత్తను పట్టుకుంది, వదినను పట్టుకుంది, నోరు తెరిచింది, పాట రాలేదు. ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా కమిటీ పుస్తకం ఆ పిల్ల పెట్టెలో ఉందో లేదో నాకు తెలియదు.

ఇవాళ ఎవరికీ ఏ కమిటీ అక్కర్లేదు. మా వీధిలో పాలు పోసే అబ్బాయి లంబాడీలోనే మెసేజులు పెట్టుకుంటాడు, తెలుగు అక్షరాలు ఒకసారి, ఇంగ్లిషు అక్షరాలు ఒకసారి, చేతికి ఏది తగిలితే అది. అవతలి వాళ్లు చదివి నవ్వుకుంటారు. నెలల తరబడి మేం టీలు తాగి తేల్చిన సమస్య వాళ్ల వేళ్ల కింద అసలు సమస్యే కాలేదు. అక్షరాలకు ఇప్పుడు కొదవ లేదు. రాసిపెట్టడానికి పాటే లేదు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆ మనవరాలే. వనస్థలిపురంలో ఉంటుందట, స్కూల్లో టీచరట, నా నంబరు ఎవరెవరినో అడిగి పట్టుకుందట.

“అమ్మా, గురువారం మా పిల్ల పెండ్లి,” అంది. “మా అవ్వ పాట మీకేమన్న యాదికున్నదా? ఒక్క వరసన్న చెప్పుండ్రి, నేర్పిస్త.”

కళ్లు మూసుకుని వెతుక్కున్నాను. నా భుజం మీద ఆమె ఊపిరి గుర్తుంది, గాజుల చప్పుడు గుర్తుంది. పాట దగ్గరికి వచ్చేసరికి, నాలుగుసార్లు ప్రూఫు చదివిన పుణ్యానికి, మాతా, మాతా అని అచ్చులోదే వరసగా వస్తోంది. దాని కింద ఉన్నది ఎంత లాగినా రాలేదు. గుర్తు లేదమ్మా అన్నాను.

ఆమె నన్ను తేలిక చేయడానికేమో నవ్వి, “పోనియ్యుండ్రి అమ్మా, పరేషాన్ గాకుండ్రి. బ్యూటీపార్లరామె గూడ ఏడ్వొద్దనే చెప్పింది, మేకప్ ఖరాబైతదంట,” అని పెట్టేసింది.